క్లిప్పులున్న పళ్లకు ఏ మౌత్‌వాష్? సమాధానం సీసా వెనకే ఉంది

మధ్యాహ్నం షాంటిలీలో స్కూల్ బస్సు దిగే పిల్లల్ని గమనిస్తే, ఆరో తరగతి దాటిన వాళ్లలో చాలామంది నోట్లో తీగ మెరుస్తూ కనిపిస్తుంది. మన తెలుగు పిల్లలూ అందులో ఉన్నారు. వారాంతపు పుట్టినరోజు పార్టీల్లో ఇళ్ల ధరలు, వీసా కబుర్లు అయిపోయాక, ‘మీ వాడికి క్లిప్పులు ఎప్పుడు వేయించారు? ఎంతయింది?’ అన్న మాట తప్పకుండా వస్తోంది. ఏడేళ్లు వచ్చేసరికి ఒక్కసారైనా పిల్లల్ని ఆర్థోడాంటిస్టుకు చూపించమని అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ చెబుతుంది. చాలామందికి పదకొండు నుంచి పద్నాలుగేళ్ల మధ్య క్లిప్పులు పడతాయి. ఏడాదిన్నర, రెండేళ్లు ఉంటాయి. ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది. బీమా ఉన్నా ఆర్థో చికిత్సకు విడిగా ఒక జీవితకాల పరిమితి పెట్టి ఆపేస్తుంది.

ఇంత ఖర్చు పెట్టి ఇంటికొచ్చాక ఎదురయ్యే ప్రశ్న మాత్రం చిన్నది. పిల్లకు ఏ మౌత్‌వాష్ కొనాలి? కాస్ట్కోలోనో, టార్గెట్‌లోనో ఆ వరుస ముందు నిలబడితే నీలం, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో యాభై సీసాలు కనిపిస్తాయి. ప్రతిదాని మీదా ‘టోటల్’, ‘కంప్లీట్’, ‘అడ్వాన్స్‌డ్’ అన్న మాటలే. మా పెద్దమ్మాయికి నిరుడు క్లిప్పులు వేయించినప్పుడు నేనూ ఆ వరుస ముందు నిలబడ్డాను. వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఏ పనిముట్టు వాడాలన్నా ముందు దాని డాక్యుమెంటేషన్ చదవడం అలవాటు. మౌత్‌వాష్‌కు కూడా డాక్యుమెంటేషన్ ఉంది. అది సీసా ముందు వైపు కాదు, వెనక వైపు ఉంటుంది. నేను డెంటిస్టును కాను. డెంటిస్టులు చెప్పినవి, లేబుళ్ల మీద ఉన్నవి, పరిశోధనల్లో తేలినవి మన ఇళ్లకు పనికొచ్చేలా ఇక్కడ చెబుతున్నాను.

అసలు భయం తెల్ల మచ్చలదే

క్లిప్పులు వేసిన పంటి మీద బ్రాకెట్ అనే చిన్న ముక్క అతికించి ఉంటుంది. దాని మీదుగా తీగ వెళుతుంది. తీగ జారకుండా రంగు రబ్బర్లు పట్టి ఉంచుతాయి. మామూలు పంటి మీద నాలుక, పెదవి, లాలాజలం కలిసి కొంత శుభ్రం చేస్తుంటాయి. బ్రాకెట్ చుట్టూ ఆ పని జరగదు. అన్నం మెతుకు, చాక్లెట్ జిగురు, చిప్స్ పిండి అక్కడే ఇరుక్కుంటాయి. పాచిలోని సూక్ష్మజీవులు ఆ పిండి పదార్థాలను తిని ఆమ్లాన్ని వదులుతాయి. నోట్లో ఆమ్లత పెరిగి పీహెచ్ దాదాపు 5.5 కన్నా దిగిందంటే పంటి పైపొర అయిన ఎనామెల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోవడం మొదలవుతుంది. అలా కరిగిన చోట సుద్దముక్క రంగులో మచ్చ ఏర్పడుతుంది. డెంటిస్టులు దాన్ని ‘వైట్ స్పాట్’ అంటారు. అది పిప్పి పన్నుకు తొలి మెట్టు.

ఇది ఏళ్ల తరబడి జరిగే పని అనుకుంటాం. నార్వే పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఫ్లోరైడ్ లేకుండా, పాచి కదలకుండా పేరుకుపోతే నాలుగు వారాల్లోనే కంటికి కనిపించే మచ్చ వస్తుంది. నాలుగు వారాలంటే, ఆర్థోడాంటిస్టు దగ్గరికి ఒకసారి వెళ్లి మళ్లీ వెళ్లే లోపు అన్నమాట. అమెరికాలో 1982లో వచ్చిన పేరున్న మరో అధ్యయనంలో, క్లిప్పులు వేయించుకున్న వాళ్లలో దాదాపు సగం మందికి కనీసం ఒక పంటి మీదైనా ఇలాంటి మచ్చ కనిపించింది. వేయించుకోని వాళ్లలో అది నాలుగో వంతే.

బ్రాకెట్ ఉన్నంతకాలం ఈ మచ్చలు సరిగా కనిపించవు. తీసేసిన రోజున బయటపడతాయి. మాకు తెలిసిన ఒక ఇంట్లో అదే జరిగింది. రెండేళ్ల తర్వాత అబ్బాయి పళ్లు గీత గీసినట్టు వరుసలో నిలబడ్డాయి. కానీ ముందు పళ్ల మీద బ్రాకెట్ ఉన్నచోటు చుట్టూ చతురస్రాకారంలో తెల్లని అంచు మిగిలిపోయింది. ఫొటోల్లో ఆ పిల్లాడు ఇప్పటికీ నోరు మూసుకునే నవ్వుతాడు. చిన్న మచ్చలు కాలక్రమంలో కొంత తగ్గుతాయి. లోతుగా దిగినవి పూర్తిగా పోవు. వాటికి రెజిన్ పట్టించడం లాంటి చికిత్సలున్నాయి, అది మళ్లీ అదనపు ఖర్చు. మౌత్‌వాష్ ఎంపికలో మనం అడగాల్సింది ‘నోరు తాజాగా ఉంటుందా’ అని కాదు, ‘ఈ మచ్చ రాకుండా ఆపుతుందా’ అని.

సీసా వెనక్కి తిప్పండి

అమెరికాలో మౌత్‌వాష్‌లు రెండు జాతులు. ఒకటి కేవలం వాసన, తాజాదనం కోసం. రెండోది నిజంగా మందు పని చేసేది. రెండో జాతి సీసా వెనక ‘డ్రగ్ ఫ్యాక్ట్స్’ అన్న గళ్ల పట్టిక ఉంటుంది. ఆ పట్టిక లేదంటే అది నోటికి అత్తరు లాంటిది. చెడ్డదేమీ కాదు, కానీ మనకు కావాల్సిన పని చేయదు.

పట్టికలో ‘యాక్టివ్ ఇంగ్రీడియెంట్’ కింద మందు పేరు, దాని పక్కన ‘పర్పస్’ కింద అది చేసే పని రాసి ఉంటాయి. ఆ రెండు గళ్లు చదివితే చాలు.

మొదటి రకం: పర్పస్ దగ్గర ‘యాంటీకేవిటీ’ అని, మందు దగ్గర సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం అని ఉంటుంది. యాక్ట్ లాంటివి ఈ రకం. చాలా దుకాణాల సొంత బ్రాండ్లలోనూ ఇదే మందు ఇదే మోతాదులో, తక్కువ ధరకు దొరుకుతుంది. కరిగిపోతున్న ఎనామెల్‌లోకి ఖనిజాలు తిరిగి చేరడానికి ఫ్లోరైడ్ తోడ్పడుతుంది. క్లిప్పుల పిల్లలకు ముఖ్యంగా కావాల్సింది ఇదే. వైద్య పరిశోధనలను వడపోసే కోక్రేన్ సమీక్ష 2004లో, క్లిప్పులున్నవాళ్లు రోజూ 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్‌తో పుక్కిలించమని సూచించింది. క్లిప్పుల పిల్లల మీదే జరిగిన గట్టి అధ్యయనాలు తక్కువేనని, దంతవైద్యంలోని ఇతర అనుభవాన్నీ కలుపుకుని ఈ సలహా ఇస్తున్నామని కూడా అది దాచకుండా చెప్పింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని సీసాల మీద ‘0.02 శాతం’ అని కనిపిస్తుంది. అది సోడియం ఫ్లోరైడా, లేక అందులోని ఫ్లోరైడ్ అయానా అన్నది చూడాలి. 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ అన్నా, 0.02 శాతం ఫ్లోరైడ్ అయాన్ అన్నా ఒకటే. కానీ ‘అన్నీ ఒకే సీసాలో’ అని చెప్పే కొన్ని రకాల్లో సోడియం ఫ్లోరైడే 0.02 శాతం ఉంటుంది. అంటే సగం కన్నా తక్కువ బలం. అంకె ఒకటే, అర్థం వేరు.

రెండో రకం: ‘యాంటీప్లాక్, యాంటీజింజివైటిస్’ అని ఉండేవి. ఇవి పాచిని, చిగుళ్ల వాపును తగ్గించేవి. లిస్టరిన్‌లో యూకలిప్టాల్, మెంథాల్, థైమాల్, మిథైల్ శాలిసిలేట్ అనే నాలుగు నూనెలు ఈ పని చేస్తాయి. 1879లో పుట్టిన ఈ మందుకు శస్త్రచికిత్సల్లో క్రిమిసంహారక పద్ధతులు తెచ్చిన జోసెఫ్ లిస్టర్ పేరు పెట్టారు. అసలు రకంలో ఆల్కహాల్ 26.9 శాతం. కూల్ మింట్‌లో 21.6 శాతం. బ్రాకెట్లు గీరుకుని బుగ్గ లోపల పుండు పడ్డ పిల్ల నోట్లో ఇది పోస్తే మంటే మంట. పన్నెండేళ్ల లోపు పిల్లలకు వైద్యుణ్ని అడగకుండా వాడొద్దని లేబులే చెబుతుంది. ఆల్కహాల్ లేనివీ వస్తున్నాయి కానీ, వాటిలో కొన్నిటికి డ్రగ్ ఫ్యాక్ట్స్ పట్టిక ఉండదు. తిప్పి చూడాల్సిందే.

క్రెస్ట్ ప్రో-హెల్త్ లాంటి వాటిలో సీపీసీ అనే మందు ఉంటుంది. ఆల్కహాల్ ఉండదు. చిగుళ్లు ఉబ్బి రక్తం వస్తున్న పిల్లలకు డెంటిస్టులు సూచించవచ్చు. కొందరికి దీనివల్ల పళ్ల మీద గోధుమరంగు మరక పడుతుంది.

మూడో రకం: పళ్లు తెల్లబడేందుకు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపినవి. క్లిప్పులున్నంత కాలం వీటి జోలికి వెళ్లకపోవడం మేలు. బ్రాకెట్ కింద ఉన్న భాగానికి మందు తగలదు. తీశాక ఒకే పంటి మీద రెండు రంగులు కనిపించే ప్రమాదం ఉంది.

ఎంచుకోవడానికి ఇంకో కొండగుర్తు అమెరికన్ డెంటల్ అసోసియేషన్ ముద్ర. కంపెనీ తన వాదనకు ఆధారాలు చూపితేనే ఆ ముద్ర ఇస్తారు. ముద్ర ఏ పనికి ఇచ్చారో కూడా దాని పక్కనే రాసి ఉంటుంది. చిగుళ్ల కోసం వచ్చిన ముద్రను పిప్పి పళ్ల కోసం అనుకోకూడదు.

నల్లగొండ భయం, షాంటిలీ సీసా

మాది మునుగోడు వైపు. అమ్మ ఆరు నెలల కోసం మా దగ్గరికి వచ్చినప్పుడు బాత్రూమ్‌లో ఊదా రంగు సీసా చూసి, మనవరాలితో దాని మీది పేరు చదివించుకుంది. ఫ్లోరైడ్ అన్న మాట వినగానే సీసా తీసుకెళ్లి అల్మారాలో పెట్టింది. ‘గా ఫ్లోరైడు నీళ్లతోనే కదరా మనోళ్ల నడుములు వంగింది! ఏరి కోరి గది పిల్ల నోట్ల పోస్తవా?’ అని నన్ను నిలదీసింది.

అమ్మ మాటను చాదస్తమని తోసేయలేం. తెలుగు నేల మీద ఫ్లోరైడ్ అంటే పుస్తకంలో మాట కాదు, కళ్లతో చూసిన బాధ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు తొలిసారి పత్రికకెక్కించింది 1937లో. అది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల గురించే. నల్లగొండలో మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాల్లో గారపట్టిన పళ్లు, వంగిన కాళ్లు, నిటారుగా నిలబడలేని మనుషులు తరతరాలుగా ఉన్నారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నంతో నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు. కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చేదాకా ఆ ఊళ్లకు బోరు నీళ్లే దిక్కు. అలాంటి చోటు నుంచి వచ్చిన మనిషికి ఫ్లోరైడ్‌ను డబ్బిచ్చి కొనడం పిచ్చిపనిలాగే కనిపిస్తుంది.

నేను అమ్మకు లెక్క వేసి చూపించాను. షాంటిలీలో మా నల్లాలోకి వచ్చే ఫెయిర్‌ఫాక్స్ వాటర్ సంస్థ నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు సుమారు 0.7 మిల్లీగ్రాములు. 2015 నుంచి అమెరికా ప్రభుత్వం సిఫారసు చేస్తున్న మోతాదు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గరిష్ఠ హద్దు 1.5. ఇప్పుడు లీటరుకు 5 మిల్లీగ్రాములున్న బోరు నీళ్లు అనుకుందాం. ఎండలో పొలం పని చేసే మనిషి రోజుకు మూడు లీటర్లు తాగితే 15 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతాయి. అది ఒక్క రోజుకు. అలా పుట్టినప్పటి నుంచి ముప్పై, నలభై ఏళ్లు మింగితే ఎముకలకు పట్టేస్తుంది.

మౌత్‌వాష్ ఒక మోతాదు 10 మిల్లీలీటర్లు. అందులో ఉండే ఫ్లోరైడ్ 2.3 మిల్లీగ్రాములకు కాస్త తక్కువ. ఒక్క నిమిషం పుక్కిట పట్టి ఉమ్మేస్తే లోపలికి వెళ్లేది అందులో కొంచెమే. అక్కడ కీడు చేసింది మింగడం, ఇక్కడ మేలు చేసేది పంటిని తాకడం. పైగా పళ్ల మీద ఫ్లోరోసిస్ వచ్చేది చిగురు కింద ఎనామెల్ తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు. పన్నెండేళ్ల పిల్ల ముందు పళ్లు ఎప్పుడో తయారై బయటికి వచ్చేశాయి. వాటికి కొత్తగా ఫ్లోరోసిస్ రాదు.

ఆలోచిస్తే ఇందులో ఒక వింత ఉంది. ఫ్లోరోసిస్ తొలి దశలోనూ పంటి మీద తెల్లటి మచ్చలే. క్లిప్పుల చుట్టూ వచ్చేవీ తెల్లటి మచ్చలే. మొదటివి ఫ్లోరైడ్ ఎక్కువై వస్తే, రెండోవి పాచి పేరుకుని, కాపాడేంత ఫ్లోరైడ్ అందక వస్తాయి.

వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మరో భయం పిల్లల తెలివితేటల గురించి. అమెరికా నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో ఇచ్చిన నివేదిక, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడ్‌కు, పిల్లల ఐక్యూ తగ్గడానికి సంబంధం కనిపిస్తోందని చెప్పింది. 0.7 స్థాయిలో అలాంటి ప్రభావం ఉందో లేదో తేల్చడానికి తగిన ఆధారాలు లేవంది. అది తాగే ఫ్లోరైడ్ లెక్క. ఉమ్మేసే మౌత్‌వాష్ దాని పరిధిలోకి రాదు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం ఆపేశాయి. అక్కడున్న మన కుటుంబాలు క్లిప్పుల పిల్లల విషయంలో ఫ్లోరైడ్ పేస్టు, మౌత్‌వాష్‌ల గురించి డెంటిస్టుతో తప్పక మాట్లాడాలి.

అమ్మ ఒప్పుకుంది, ఒక షరతు మీద. పిల్ల మింగకుండా ఉమ్మేదాకా తాను పక్కనే నిలబడుతుందట. లేబుల్ కూడా అదే చెబుతుంది. ఆరేళ్ల లోపు పిల్లలకు డెంటిస్టు చెప్పకుండా ఇవ్వొద్దు, అలవాటు పడేదాకా పెద్దవాళ్లు దగ్గరుండి చూడాలి అని. ఇంట్లో చిన్న పిల్లలుంటే సీసా వాళ్లకు అందని చోట పెట్టండి. తియ్యటి బబుల్‌గమ్ వాసన వాళ్లకు షర్బత్‌లా అనిపిస్తుంది. ఎక్కువగా మింగితే పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

సూట్‌కేసులో వచ్చే సీసా

ఇండియా నుంచి వచ్చే సూట్‌కేసులో పచ్చళ్లు, పొడులతో పాటు మందుల సంచీ ఉంటుంది. అందులో క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ కూడా ఒకటి. హైదరాబాద్, విజయవాడల్లో ఏ మెడికల్ షాపులోనైనా 0.2 శాతం క్లోర్‌హెక్సిడిన్ చీటీ లేకుండా ఇచ్చేస్తారు. అమెరికాలో ఇది 0.12 శాతమే, అదీ డాక్టర్ రాసిస్తేనే. ఇక్కడ ఎఫ్‌డీఏ దీన్ని 1986లో అనుమతించింది.

మందు మంచిదే. చిగుళ్ల వాపుకు దీనంత బలంగా పనిచేసేవి తక్కువ. అందుకే చికిత్సకు కొద్ది రోజులు, సాధారణంగా రెండు వారాల లోపు వాడమంటారు. రోజువారీ మౌత్‌వాష్‌లా నెలల తరబడి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి, గార పెరుగుతుంది, నాలుకకు రుచి మారుతుంది. బ్రాకెట్ అంచుల వెంట పడ్డ మరక ఇంట్లో బ్రష్‌తో పోదు. అరుదుగా తీవ్రమైన అలర్జీ వచ్చే అవకాశం ఉందని ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. చాలా టూత్‌పేస్టుల్లో ఉండే నురుగు పదార్థం ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది. కాబట్టి డాక్టర్ రాసిచ్చినా, బ్రష్ చేసిన వెంటనే కాకుండా కనీసం అరగంట ఆగి పుక్కిలించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇందులో ఫ్లోరైడ్ ఉండదు. యాంటీకేవిటీ మౌత్‌వాష్ చేసే పని ఇది చేయదు.

ఉప్పునీళ్లు, నువ్వుల నూనె, వేపపుల్ల

క్లిప్పులు వేసిన మొదటి వారం బుగ్గల లోపల, పెదవుల మీద పుండ్లు పడతాయి. అప్పుడు గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించడాన్ని మించింది లేదు. ఇక్కడి ఆర్థోడాంటిస్టులూ అదే చెబుతారు. బ్రాకెట్ గుచ్చుకునే చోట వాళ్లిచ్చిన మైనం ముద్ద అంటిస్తే ఇంకా ఉపశమనం. ఉప్పునీళ్లు పుండుకు మేలు చేస్తాయి. ఎనామెల్‌ను మాత్రం గట్టిపరచవు.

నువ్వుల నూనె పుక్కిట పట్టడం మన ఆయుర్వేదంలో గండూషం. ఇప్పుడు దీన్ని ‘ఆయిల్ పుల్లింగ్’ పేరుతో ఇక్కడి వాళ్లూ చేస్తున్నారు. పిప్పి పళ్లను ఆపుతుందనడానికి నమ్మదగ్గ ఆధారాలు లేవని, అందుకే సిఫారసు చేయలేమని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ అంటుంది. పెద్దవాళ్లు చేసుకుంటే అభ్యంతరం లేదు. పిల్లల క్లిప్పులకు దాన్నే నమ్ముకోకూడదు. నూనెను సింకులో ఉమ్మితే పైపు మూసుకుపోతుంది, చెత్తబుట్టలో ఉమ్మండి. వేపపుల్ల మాత్రం క్లిప్పులు తీసేదాకా వద్దు. తీగ వంగుతుంది, బ్రాకెట్ ఊడుతుంది.

మన ఇళ్లలో ఉన్న అసలైన మంచి అలవాటు మరొకటి ఉంది. తిన్నాక చెయ్యి కడుక్కుంటూ నోరు పుక్కిలించడం. ఊళ్లో ఎవరూ చెప్పక్కర్లేకుండా చేసే పని ఇది. ఇక్కడ స్కూల్ కెఫెటీరియాలో పిల్లలు చేయరు. లంచ్ బెల్ కొట్టగానే తర్వాతి క్లాసుకు పరుగెడతారు. బ్రష్ చేసే వీలు ఎలాగూ ఉండదు. రెండు గుక్కల మంచినీళ్లు గట్టిగా పుక్కిలిస్తే వదులుగా ఉన్న మెతుకులు పోతాయి, ఆమ్లం పలచబడుతుంది. క్లిప్పుల పిల్లలకు మధ్యాహ్నం పూట మౌత్‌వాష్ ఇదే. పైసా ఖర్చు లేదు.

పుక్కిలిస్తే పాచి పోదు

ఏ మౌత్‌వాష్ అయినా అంటుకున్న పాచిని ఊడదీయదు. గిన్నెకు అంటిన అడుగు మాడు నీళ్లు పోస్తే పోతుందా? తోమాలి కదా. ముందు బ్రష్‌తో బ్రాకెట్‌కు పైన, కింద వంచి తోమాలి. తీగ కింద దూరడానికి చిన్న సీసా బ్రష్‌లాంటి ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడాలి. పళ్ల సందుల్లో ఫ్లాస్ లాగడానికి ప్లాస్టిక్ సూదిలాంటి త్రెడర్ దొరుకుతుంది. ఓపిక లేని పిల్లలకు నీటి ధారతో కడిగే వాటర్‌పిక్ లాంటి యంత్రం ఉపయోగపడుతుంది. క్లిప్పుల కోసం దానికి వేరే కొస కూడా వస్తుంది. పాచి ఎక్కడ మిగిలిందో చూపించే రంగు బిళ్లలు మందుల షాపుల్లో దొరుకుతాయి. వారానికొకసారి నమిలిస్తే మనం అరవాల్సిన పని ఉండదు. పిల్లలకే అద్దంలో కనిపిస్తుంది.

తిండి విషయంలోనూ మన లెక్కలు వేరు. జంతికలు, చెగోడీలు, పల్లీపట్టీ, మరమరాల ఉండలు, చెరకు ముక్కలు బ్రాకెట్లను ఊడగొడతాయి. సున్నుండ మెత్తనిదే కానీ జిగురుగా తీగకు పట్టేస్తుంది. తింటే వెంటనే పుక్కిలించాలి. పసుపు వేసిన పప్పు, పులుసు తింటే పారదర్శకంగా, తెల్లగా ఉండే రబ్బర్లు రెండ్రోజుల్లో పచ్చబడతాయి. ఏ మౌత్‌వాష్‌తోనూ ఆ రంగు పోదు. మళ్లీ రబ్బర్లు మార్చేదాకా అంతే. రబ్బర్ల రంగు ఎంచుకునేటప్పుడే ముదురు నీలమో, బూడిద రంగో చెప్పమనండి.

ఏ పూట ఏది?

ఉదయం: ఫ్లోరైడ్ పేస్టుతో రెండు నిమిషాలకు తగ్గకుండా బ్రష్. నురగ ఉమ్మేయాలి. నీళ్లతో పదే పదే కడిగేయకూడదు. పేస్టులో ఫ్లోరైడ్ మౌత్‌వాష్ కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ. దాన్ని కాసేపు పంటి మీద ఉండనివ్వాలి.

స్కూల్లో: లంచ్ తర్వాత మంచినీళ్లతో పుక్కిలించడం.

ఫ్లోరైడ్ మౌత్‌వాష్: రోజుకు ఒక్కసారి, 10 మిల్లీలీటర్లు, గడియారం చూసి ఒక నిమిషం. ఉమ్మాక అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ఎప్పుడన్న దాని మీద రెండు మాటలున్నాయి. అమెరికా లేబుళ్లు ‘బ్రష్ చేశాక’ అంటాయి. బ్రిటన్‌లోని ఎన్‌హెచ్ఎస్ మాత్రం బ్రష్ చేసిన వెంటనే వద్దు, పేస్టులోని బలమైన ఫ్లోరైడ్ కొట్టుకుపోతుంది, వేరే సమయంలో వాడమంటుంది. మా డెంటిస్టును అడిగి, స్కూల్ నుంచి వచ్చి తిన్నాక, నీళ్లతో పుక్కిలించి, హోంవర్క్ మొదలుపెట్టే ముందు అని పెట్టుకున్నాం. రోజూ మరిచిపోకుండా జరిగే సమయమే మంచి సమయం.

రాత్రి: ఇంటర్‌డెంటల్ బ్రష్ లేదా నీటి ధార, ఆ తర్వాత ఫ్లోరైడ్ పేస్టుతో బ్రష్. దాని తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి ఈ పూట అన్నిటికన్నా ముఖ్యం.

మచ్చలు అప్పటికే కనిపిస్తుంటే మౌత్‌వాష్ బ్రాండు మార్చుకుంటూ కాలం గడపొద్దు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రాసివ్వడం, క్లినిక్‌లో వార్నిష్ పూయడం డెంటిస్టు చేతిలో ఉన్నాయి. క్లిప్పులున్న రెండేళ్లూ ఆర్థోడాంటిస్టు దగ్గరికి వెళుతున్నాం కదా అని మామూలు డెంటిస్టు దగ్గర ఆర్నెల్లకోసారి చేయించే క్లీనింగ్ మానకూడదు. తీగ బిగించేది ఒకరు, పుచ్చు చూసేది మరొకరు.

ఈసారి మౌత్‌వాష్‌ల వరుసలోకి వెళ్లినప్పుడు పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. సీసా వెనక్కి తిప్పి, ‘యాంటీకేవిటీ’ అన్న మాట, 0.05 అన్న అంకె, ‘సోడియం ఫ్లోరైడ్’ అన్న పేరు వాళ్లనే వెతకమనండి. ఆల్కహాల్ లేని వాటిలో ఆ మూడూ ఉన్న సీసా దొరికితే, పుదీనానా, బబుల్‌గమ్మా అన్నది వాళ్లకే వదిలేయండి. రోజూ పుక్కిలించాల్సింది వాళ్లే కదా.